సుల్తానా స్వప్నం: శాస్త్రమూ, విషాదమూ, ఆత్మబలమూ

శాస్త్రం బుద్ధికి చెందినదనీ, దుఃఖం హృదయానికి చెందినదనీ విడదీసి చూచుట మనకు అలవాటైపోయినది. ఈ విభజన వలన ఎక్కువగా నష్టపోయినది శాస్త్రకల్పనా కథ. దానిలో యంత్రాలూ వింతలూ ఉండుటచేత అది పిల్లల వినోదమని తీసివేసేవారు కొందరు. రాబోయే కాలాన్ని అది ఎంత సరిగా ఊహించినదో లెక్క చూచేవారు మరికొందరు. రచయిత ఏ బాధలో ఉండి ఆ యంత్రాన్ని ఊహించెనని అడిగేవారు అరుదు. ఆ ప్రశ్న వేస్తేనే గాని విలువ తెలియని రచన ఒకటి మన దేశంలో 1905లోనే వెలువడినది. అది రొకేయా సఖావత్ హొసేన్ ఇంగ్లీషులో వ్రాసిన 'సుల్తానాస్ డ్రీమ్', అనగా సుల్తానా స్వప్నం.

రొకేయా 1880లో తూర్పు బెంగాలులోని రంగపూర్ ప్రాంతాన, పైరాబంద్ గ్రామంలో జన్మించినది. ఇంట ఘోషా కఠినంగా ఉండేది. ఆమె బడికి వెళ్లి చదివినది లేదు. రాత్రివేళ ఇల్లు మాటుమణిగిన తరువాత అన్నగారి వద్ద ఇంగ్లీషు నేర్చుకొన్నది. డిప్యూటీ మేజిస్ట్రేటుగా ఉండిన భర్త ఆమె చదువును ప్రోత్సహించినాడు. ఆయన పర్యటనలో ఉండగా, పొద్దుపోకకై ఆమె ఈ కథ వ్రాసినది. తొలుత దీనిని ప్రచురించినది మద్రాసులోని 'ఇండియన్ లేడీస్ మ్యాగజైన్'. 1901లో ఆ పత్రికను స్థాపించిన కమలా సత్యనాథన్ తెలుగు ఇంటి ఆడపడుచు కావడం మనకు ఆత్మీయమైన విషయం.

కథలోని స్త్రీరాజ్యంలో పురుషులు మర్దానాలో ఉందురు. వీథులలో స్త్రీలు నిర్భయంగా తిరుగుదురు. అక్కడ రెండు మహిళా విశ్వవిద్యాలయాలు ఉన్నవి. ఒకటి మేఘమండలం నుండి నీటిని గ్రహించే సాధనాన్ని, రెండవది సూర్యుని వేడిని కూడబెట్టే యంత్రాన్ని కనిపెట్టినవి. వంట ఆ ఎండతోనే జరుగును. పొయ్యి లేదు, పొగ లేదు. శత్రువు దండెత్తి రాగా విద్యార్థినులు ఆ కిరణాలనే అతని మీదికి త్రిప్పుదురు. వేడికి తాళలేక అతని సేన పారిపోవును.

బెంగాలులో ఇటువంటి కల్పన అంతకుముందు లేకపోలేదు. 1896లో జగదీశ చంద్ర బోసు, తలనూనె సీసాతో తుపానును అణచిన వింత కథ వ్రాసినాడు. ఆయన స్వయంగా శాస్త్రవేత్త. కనుక శాస్త్రంతో పరిహాసమాడగలిగినాడు. చేతిలో ఉన్న వస్తువుతో ఆడుకొనుట ఎవరికైనా సులభం. రొకేయాకు ప్రయోగశాల తలుపు తెరచుకొన్నది కాదు. ఆమె కథలోనూ హాస్యం ఉన్నది. కాని అది తలుపు ఇవతల నిలిచినవారి హాస్యం. వంటింటి పొగ ఎరిగిన ప్రాణమే పొగలేని వంటను శాస్త్రానికి మొదటి వరంగా కోరగలదు.

ఈ కథపై ఒక ఆక్షేపణ కలదు. బంధనం తొలగలేదు, బందీలు మారినారు, అంతే గదా అని. ఆక్షేపణ న్యాయమైనదే. ఆదర్శరాజ్యంగా చూస్తే ఇది అసంపూర్ణం. కాని ఇది అద్దం. అద్దంలో కుడి ఎడమలు తారుమారగుట సహజం. వ్రాతప్రతిని చదివిన భర్తయే దీనిని భయంకరమైన ప్రతీకారమన్నాడట. ఆ మాటలో మెప్పూ ఉన్నది, దెబ్బ తగిలిన గుర్తూ ఉన్నది.

కథ చివర సుల్తానా వాయురథం నుండి జారిపడును; కన్ను తెరచి చూడగా తన గదిలో, తన కుర్చీలోనే ఉండును. విషాదమంతా ఈ ఒక్క పతనంలో ఉన్నది. రచయిత్రి జీవితం ఆ పతనాన్ని మరింత లోతు చేసినది. ఇద్దరు బిడ్డలు పసితనంలోనే పోయిరి. 1909లో భర్త మరణించినాడు. ఆ యేడే ఆమె భాగల్పూరులో ఆయన పేర బాలికల పాఠశాల తెరచినది. అక్కడ నిలువనీయకపోగా 1911లో కలకత్తాకు వచ్చి, ఎనిమిది మంది పిల్లలతో మళ్లీ ప్రారంభించినది.

1931లో వెలువడిన 'అవరోధవాసిని' అనే బెంగాలీ గ్రంథంలో ఆమె ఆ పాఠశాల బండిని గురించి చెప్పినది. ఘోషా కోసం దానిని నాలుగువైపులా మూసినారు. గాలి లేక, చీకటికి పిల్లలు సొమ్మసిల్లినారు. సరేయని ప్రక్కలను తీసి తెరలు కట్టగా, గాలికి తెర తొలగుచున్నదని బెదిరింపు లేఖలు వచ్చినవి. ఆమె బండిని ఆపినది కాదు, బడినీ మూసినది కాదు. 1932లో కన్నుమూయు వరకు ఆ పని సాగించినది.

వాయురథాన్ని ఊహించిన చేతులే ఆ చీకటి బండికి తెరలు కట్టవలసి వచ్చినది. ఈ రెండు వాహనాలనూ ప్రక్కప్రక్కన నిలిపి చూచినపుడే సుల్తానా స్వప్నం పూర్తిగా అర్థమగును. స్వప్నం మాత్రమే ఉన్నచో అది పలాయనం. బండి మాత్రమే ఉన్నచో అది నిస్పృహ. రెండింటి నడిమి దూరం ఎంతో ఎరిగియుండి, దేనినీ విడువకుండుటయే ఆత్మబలం. శాస్త్రకల్పనకు మన సాహిత్యంలో గౌరవస్థానం ఇవ్వవలసినది అది చూపిన యంత్రాలు నిజమైనందుకు కాదు. ఎంత దూరం నడవవలసి ఉన్నదో కొలిచి చెప్పినందుకు.