అతిథి నిపుణుడు, స్థానిక ప్రయోగశాల

రొమ్ములో గడ్డతో ఒక స్త్రీ ఆసుపత్రికి వచ్చినదనుకొనుడు. అది క్యాన్సరు అగునో కాదో చేతితో తాకి నిశ్చయించుట సాధ్యము కాదు. గడ్డనుండి చిన్న ముక్కను తీసి, సూక్ష్మదర్శినిలో పరీక్షించి తేల్చి చెప్పువాడు పాథాలజిస్టు. అతని మాట లేనిచో చికిత్స చీకటిలో రాయి విసరినట్లే యగును. ‘లాన్సెట్’ అను వైద్యపత్రిక నియమించిన సంఘము 2021లో ప్రకటించిన నివేదిక ప్రకారము, ప్రపంచ జనాభాలో 47 శాతమునకు రోగనిర్ణయ పరీక్షలు అందుటయే లేదు, లేదా మిక్కిలి కొద్దిగా అందుచున్నవి.

ఈ కొరత తీర్చుటకై సంపన్న దేశముల పాథాలజిస్టులు కొందరు ఆఫ్రికా, ఆసియా దేశములకు పోయి జీతము లేక పనిచేయుచున్నారు. వారి త్యాగబుద్ధి మెచ్చదగినదే. కాని సేవను విమర్శించునపుడు సేవకుని మనస్సును గాక, అతడు మరలిపోయిన పిమ్మట అచ్చట ఏమి మిగిలినదో చూడవలెను.

నిపుణుని కంటికి ముందు పెక్కు చేతులు పనిచేయవలసియున్నది. తీసిన ముక్కను వెంటనే ఫార్మలిన్‌లో వేయవలెను. ఆలస్యమైనచో కణములు చెడును. పిదప అందలి నీటిని తొలగించి, మైనములో పొదిగి, మైక్రోటోము అను యంత్రముతో సుమారు 4 మైక్రానుల మందముగల పొరలుగా కోసి, రంగులద్దవలెను. వీనిలో ఏ మెట్టు తప్పినను ఎంతటి నిపుణుడైనను చేయగలిగినది లేదు. రెండు వారములకు వచ్చిన అతిథి ఉన్న స్లైడులు చదివి పోవచ్చును. ఫార్మలిన్ నిండుకొన్ననాడు తెప్పించువారెవరు? కత్తి మొద్దుబారిననాడు మార్చువారెవరు?

ర్వాండా దేశమున బుటారోలో 2012లో ఆరంభమైన క్యాన్సరు కేంద్రము ఈ ప్రశ్నకు కొంత సమాధానము చెప్పినది. తొలుత అచ్చటి ముక్కలను అమెరికాలోని బోస్టన్ నగరమునకు పంపుచుండెడివారు. క్రమముగా స్థానిక సాంకేతికులే స్లైడులు తయారుచేయ నేర్చిరి. వాని ఛాయాచిత్రములను ఇంటర్నెట్ ద్వారా దూరపు నిపుణులకు పంపు పద్ధతియు వచ్చినది. మలావీ రాజధాని లిలాంగ్వేలో 2011లో వెలసిన ప్రయోగశాలయందు స్థానిక వైద్యులును, అమెరికా నిపుణులును వారమున కొకసారి స్లైడులను కలసి చర్చించు ఏర్పాటు జరిగినది. ఇచ్చట అతిథి స్థానికునికి బదులుగా గాక, తోడుగా నిలిచినాడు.

ఈ పద్ధతియందును లోపములు లేకపోలేదు. ఛాయాచిత్రము తీయువాడు స్లైడులో ఏ భాగము నెన్నుకొనునో, దూరపు నిపుణుడు దానినే చూచును. ఎన్నిక తప్పినచో నిర్ణయమును తప్పవచ్చును. స్లైడు నంతటిని చిత్రించు యంత్రములున్నవి గాని వాని వెల అధికము. ఇంతకంటె పెద్ద ప్రమాదము మరియొకటి కలదు. బయటి సలహా ఉచితముగా దొరకుచున్నదని ప్రభుత్వములు స్వదేశీయులకు శిక్షణ నిచ్చుటను వాయిదా వేయవచ్చును. వైద్యపట్టము పొందినవానిని పాథాలజిస్టుగా తీర్చుటకు మరికొన్ని సంవత్సరములు పట్టును. నేటి రోగి అంతవరకు ఆగలేదు గనుక అతిథి కావలసినదే. అయితే అతడు ఎన్ని స్లైడులు చదివెనన్నది కాక, ఎందరిచే చదివించెనన్నదే అతని సేవకు కొలబద్ద.

తరగతిలో ఉల్లిపొరను సూక్ష్మదర్శిని క్రింద పరీక్షించిన విద్యార్థికి ఈ సత్యము కొత్తది కాదు. పొర మందముగా వచ్చినచో, చూచువాడు ఉపాధ్యాయుడే యైనను కణము కనబడదు.