మాట్లాడని డోరీ

పోయిన ఆదివారం 'ఫైండింగ్ డోరీ' మూడోసారి చూశాను. 2016లో వచ్చిన బొమ్మల సినిమా. అన్నీ మరిచిపోయే ఓ నీలం చేప అమ్మానాన్నల్ని వెతుక్కుంటూ వెళ్లే కథ. కూతురు ఎప్పటికైనా దారి పోల్చుకుని వస్తుందని ఆ తల్లిదండ్రులు ఇంటి చుట్టూ గవ్వల్ని బారులుగా పేర్చి ఉంచుతారు. ఆ ఘట్టంలో మూడోసారీ కళ్లు తుడుచుకున్నాను. అయినా ఈ సినిమాతో నాకో పేచీ ఉంది.

తార్నాకలో మా చెల్లెలి కూతురు ఈ సినిమా చూసి డోరీ కావాలని మారాం చేసింది. సముద్రం లేని ఊళ్లో సముద్రం తయారుచేయడమంటే మాటలా? లీటరు నీటికి సుమారు 35 గ్రాముల ప్రత్యేకమైన ఉప్పు, రాత్రీ పగలూ తిరిగే మోటారు, కరెంటు పోతే ఇన్వర్టరు! అన్నీ అమిరాక డోరీ వచ్చింది. తోక మొదట్లో డాక్టరు కత్తిలాంటి ముల్లుంటుంది గనక సర్జన్ చేప అంటారట. పెరిగితే అడుగు దాకా పెరుగుతుంది. పగడపు దిబ్బల మధ్య రోజంతా ఈదే జీవికి మనిచ్చింది నాలుగడుగుల తొట్టి.

వాళ్లు తిరుపతి వెళ్తూ తాళాలు నాకిచ్చారు. ఆర్ట్స్ కాలేజీలో చదువుకున్నదాన్ని, చేపల సంగతి నాకేం తెలుసు? రోజూ రామంతాపూర్ నుంచి హబ్సిగూడ మీదుగా వెళ్లి మేత వేసి వచ్చేదాన్ని. రెండోరోజు అది రాళ్ల సందులో పక్కకి ఒరిగి పడుంది. చచ్చిపోయిందనుకుని హడలిపోయాను. కాసేపటికి లేచి ఈదింది. బెదిరితే అలా నక్కుతుందని తర్వాత తెలిసింది. నాలుగోరోజు ఒంటిమీద ఉప్పు చల్లినట్టు తెల్లమచ్చలు. ఈ జాతికి ఇట్టే సోకే జబ్బట అది. నాకేమో దీపం వెలుగు అనిపించింది! మేత ముట్టకపోతే ఆకలి లేదనుకున్నాను. వాళ్లు వచ్చేసరికి అది లేదు.

పిల్ల ఏడవలేదు. "పెద్దమ్మా, నీకేం చెప్పలేదా?" అంది.

ఇదీ నా పేచీ. సినిమా చేపకి కనుబొమలిచ్చింది, నవ్విచ్చింది, గలగలా మాటలిచ్చింది. చేపకున్న అసలు భాష మాత్రం తీసేసింది. రంగు వెలవడం, సందులో దాక్కోవడం, మేత మానడం, ఇవే కదా దాని మాటలు! సినిమా వల్ల ఈ చేపల గిరాకీ అమాంతం పెరిగిందని చాలామంది తిట్టిపోశారు. 2019లో వెలువడిన ఓ పరిశోధన అందుకు గట్టి ఆధారం లేదంది. కాబట్టి ఆ నింద నేను వేయను. కానీ ఈ జాతి పిల్లల్ని తొట్టెల్లో పెంచగలగడం ఫ్లోరిడాలో మొదటిసారి సాధ్యమైంది 2016లోనే. అందాకా అంగడికొచ్చిన డోరీలన్నీ ఏదో ఇంటినుంచి తప్పిపోయినవే. అమ్మానాన్నల కోసం అంత ఏడిపించిన సినిమా ఆ ఒక్క మాటా చెప్పలేదు.

ఇంతా అని నన్ను నేను వదిలేసుకోలేను. నా నవలల్లో నోరులేని కోడళ్లకి పేజీలకి పేజీలు సంభాషణలు రాసినదాన్నే. నిజం ఇళ్లలో ఆ పిల్ల అంతలా మాట్లాడుతుందా? కంచంలో అన్నం వదిలేసి లేస్తుంది, అంతే. అది చూసి పోల్చుకునేవాళ్లెందరు?

పోయిన ఆదివారం సినిమా పెట్టించింది మా చెల్లెలి కూతురే. "మాటలు ఆపేసి చూద్దామే" అన్నాను. ససేమిరా ఒప్పుకోలేదు. దాని తప్పేముందిలెండి, మాటలే బావుంటాయి మరి!