నడిస్తే చాలదు, నిలవాలి: వీడియో చిప్పులూ లైనక్స్ కెర్నెలూ

ఉత్తరాంధ్ర నుంచి జంషెడ్‌పూర్ వెళ్ళి స్థిరపడిన కుటుంబాల పిల్లలు మీలో కొందరైనా ఉంటారు. వారికి బ్లాస్ట్ ఫర్నేస్ కొత్త మాట కాదు. అక్కడి కర్మాగారంలో ఉక్కు తయారీ 1912లోనే మొదలయింది. ఫర్నేస్ లోపలి అగ్నినిరోధక ఇటుకలు వేడికి క్రమంగా అరిగిపోతాయి. కొన్నేళ్ళకొకసారి ఫర్నేస్‌ను చల్లార్చి, ఇటుకలు మార్చి, తిరిగి వెలిగిస్తారు. ఇటుకలు అరిగాయని ఎవరూ ఫర్నేస్‌నే పారవెయ్యరు కదా!

మన బల్లమీది చిన్న కంప్యూటర్ల విషయంలో మాత్రం సరిగ్గా ఆ పనే జరుగుతోంది. చిప్పు చెక్కుచెదరకుండా ఉంటుంది. దానిని నడిపే సాఫ్ట్‌వేర్‌ను మార్చే వీలులేక చిప్పునే మూలన పడేస్తున్నాం.

ఒక ఉదాహరణ చూడండి. జంషెడ్‌పూర్ పక్కనే ఉన్న ఆదిత్యపూర్‌లో ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని ఉందనుకుందాం. నాలుగైదు వేల రూపాయలు పెట్టి ఒక చిన్న బోర్డు కొన్నది. దానికి కెమెరా తగిలించి, చిన్న వర్క్‌షాపులో యంత్రం మీద కన్నేసి ఉంచే పరికరం తయారు చేసింది. బోర్డుతో వచ్చిన లైనక్స్‌లో వీడియో చక్కగా నడిచింది. రెండేళ్ళ తరువాత భద్రతా లోపాలు సరిదిద్దిన కొత్త లైనక్స్ వేసింది. అన్నీ పనిచేశాయి, ఒక్క వీడియో చిప్పు తప్ప! ఇప్పుడామె ముందు రెండే దారులు: లోపాలున్న పాత లైనక్స్‌తో సరిపెట్టుకోవడం, లేదా కొత్త బోర్డు కొనడం.

ఎందుకిలా జరిగింది?

చిప్పు చేసే పని

ముందుగా కొంచెం లెక్క. 1920 అడ్డం, 1080 నిలువు చుక్కలున్న బొమ్మలో మొత్తం 20,73,600 చుక్కలుంటాయి. చుక్కకు 3 బైట్లు, సెకనుకు 30 బొమ్మలు అనుకుంటే సెకనుకు సుమారు 18.7 కోట్ల బైట్లు, అంటే దాదాపు 149 కోట్ల బిట్లు అవుతాయి. దీన్ని సెకనుకు 50 లక్షల బిట్లకు కుదించామంటే, సుమారు 300 రెట్లు తగ్గించామన్నమాట. 2003లో ప్రమాణంగా రూపొందిన హెచ్.264 వంటి పద్ధతులు ఈ పని చేస్తాయి. ఒక బొమ్మకూ తరువాతి బొమ్మకూ మధ్య మారిన భాగాన్నే ప్రధానంగా నమోదు చేయడం వీటి కిటుకు.

ఈ లెక్కలన్నీ ప్రధాన ప్రాసెసర్‌తో చేయిస్తే చిన్న బోర్డు వేడెక్కి, తడబడుతుంది. అందుకే చిప్పులో ఒక మూల ఈ పనికే ప్రత్యేకమైన విభాగాన్ని అమరుస్తారు. దాన్ని కోడెక్ అంటారు. కోడెక్‌కు ఆజ్ఞలిచ్చే సాఫ్ట్‌వేర్ భాగం పేరు డ్రైవర్. డ్రైవర్ పనిచేసేది లైనక్స్ హృదయం వంటి కెర్నెల్‌లో.

చిక్కు ఇక్కడే ఉంది. అనువర్తనాలకు కనిపించే కెర్నెల్ ముఖద్వారాన్ని లైనక్స్ నిర్మాతలు పట్టుదలగా మార్చకుండా ఉంచుతారు. లోపలి గదులు మాత్రం మారుతూనే ఉంటాయి. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన ఈ కెర్నెల్ ఇప్పుడు తొమ్మిది, పది వారాలకొకసారి కొత్త రూపంలో విడుదలవుతోంది. లోపలి గదులు మారినప్పుడు, ప్రధాన కెర్నెల్‌లో భాగమైన డ్రైవర్లను కూడా ఆ మార్పు చేసేవారే సరిదిద్దుతారు. ఈ ప్రధాన కెర్నెల్‌నే మెయిన్‌లైన్ అంటారు. బయట ఉండిపోయిన డ్రైవర్‌ను పట్టించుకునే నాథుడుండడు. చాలామంది తయారీదారులు ఒక పాత కెర్నెల్‌ను తీసుకుని, తమ డ్రైవర్‌ను దానికి అతికించి, బోర్డు అమ్మి, తరువాతి చిప్పు పనిలో పడతారు. ఆదిత్యపూర్ విద్యార్థిని చిక్కుకున్నది ఈ వలలోనే.

చందాలతో ఒక డ్రైవర్

తయారీదారు ముందుకు రాకపోతే ఏం చేయాలి? ఆల్‌విన్నర్ అనే చైనా కంపెనీ చిప్పుల విషయంలో స్వచ్ఛంద కార్యకర్తలు కోడెక్ నడకను బయటినుంచి పరిశీలించి, దాని రహస్యాలను ఒక్కొక్కటిగా రాబట్టారు. 2018లో బూట్‌లిన్ అనే ఫ్రెంచి సంస్థ ప్రజల నుంచి చందాలు సేకరించి, ఆ పునాదిమీద సెడ్రస్ అనే డ్రైవర్ రాసింది. అదే ఏడాది డిసెంబరులో విడుదలైన 4.20 కెర్నెల్‌లో అది చేరింది. అప్పటికి పాత ఎంపెగ్-2 పద్ధతి ఒక్కటే దానికి తెలుసు. మిగతావి తరువాత వచ్చాయి. ఇది మెచ్చుకోదగ్గ శ్రమే. కాని చిప్పు చేసినవాడు చెప్పవలసిన సంగతిని కొన్నవారు చందాలేసుకుని తెలుసుకోవలసి రావడం న్యాయమేనా?

హైదరాబాద్ అనుభవం

తయారీదారే పూనుకున్న ఉదాహరణ మనకు దగ్గరలోనే ఉంది. క్వాల్‌కామ్ చిప్పులలోని కోడెక్‌కు వీనస్ అనే డ్రైవర్ 2017లో, 4.13 కెర్నెల్‌తో మెయిన్‌లైన్‌లోకి వచ్చింది. తరువాతి తరం చిప్పులకోసం ఆ కంపెనీ హైదరాబాద్ ఇంజనీర్లు ఐరిస్ అనే కొత్త డ్రైవర్‌ను 2023 జులైలో సమీక్షకు పంపారు. ఎన్‌కోడర్, డీకోడర్ రెండూ కలిపి 33 ప్యాచ్‌ల పెద్ద మూట అది. వీనస్ ఉండగా ఇంకొకటి ఎందుకు, ఇంత కోడ్‌ను ఒక్కసారిగా ఎలా చదవాలి అని సమీక్షకులు నిలదీశారు. జట్టు వెనక్కి వెళ్ళి, పనిని కుదించి, మళ్ళీ మళ్ళీ రాసింది. చివరకు 2025 మే నెలలో విడుదలైన 6.15 కెర్నెల్‌లో ఐరిస్ చేరింది. మొదట చేరింది హెచ్.264 డీకోడింగ్ మాత్రమే. మిగతా పద్ధతులు తరువాతి విడుదలల్లో వచ్చాయి.

ఈ పనిలో నాకు బాగా నచ్చిన అంశం ఒకటుంది. హెచ్.264కు 135 నమూనా వీడియోలున్న పరీక్ష ఉంది. వాటిలో తమ డ్రైవర్ ఎన్నింటిలో నెగ్గిందో, ఏవి ఎందుకు విఫలమయ్యాయో జట్టే అందరికీ కనిపించేలా రాసింది. ప్రయోగశాల పుస్తకంలో తప్పిన కొలతను కొట్టివేయకుండా ఉంచడం వంటిదే ఇది. దుకాణంలోని డబ్బామీద ఇటువంటి మాట మీకు ఎన్నడూ కనిపించదు.

అలాగని లోపాలు లేవని కాదు. మొదటిది, ఆలస్యం. ఐరిస్‌కు మొదటి లక్ష్యమైన చిప్పును 2022 నవంబరులో ప్రకటించారు. మెయిన్‌లైన్ తోడు దొరికేసరికి రెండున్నరేళ్ళు గడిచాయి. సమీక్ష నెమ్మది అని నెపం వేయడం తేలిక. కాని చిప్పు గీస్తున్నప్పుడే చిన్న చిన్న ముక్కలుగా కోడ్ పంపడం మొదలుపెట్టి ఉంటే ఈ ఎడం తగ్గేది. రెండవది, పునరుక్తి. ఒకే పాత చిప్పుకు వీనస్, ఐరిస్ రెండూ సాయపడేలా ఉన్నాయి. మొదట్లో వీనస్‌ను పక్కన పెడితేనే ఆ చిప్పును ఐరిస్ చేతిలోకి తీసుకునేది. ఇల్లు మారేటప్పుడు కొన్నాళ్ళు రెండిళ్ళ అద్దె తప్పదు, నిజమే. ఆ కొన్నాళ్ళు ఎన్నాళ్ళన్నదే ప్రశ్న. మూడవది, అన్నిటికంటే ముఖ్యమైనది. కోడెక్ లోపల నడిచే ఫర్మ్‌వేర్ ఇప్పటికీ మూసిన పెట్టెగానే ఉంది. డ్రైవర్ దానికి ఉత్తరాలు అందించే పోస్ట్‌మాన్ మాత్రమే. లోపల పొరపాటుంటే కంపెనీయే దిద్దాలి. మెయిన్‌లైన్ అనగానే అంతా తెరిచినట్లేనని మీరు భ్రమపడవద్దు.

తయారీదారుల వాదనలోనూ కొంత న్యాయముంది. మార్కెట్ గడువు వారిని తరుముతుంది, వ్యాపార రహస్యాలూ ఉంటాయి. అయితే ఆ తొందర లాభం వారికి దక్కుతోంది, ఖర్చు మాత్రం మీ జేబునుంచి పోతోంది. ఐరిస్ లోపాలను నేనిక్కడ విమర్శించగలుగుతున్నానంటే, ఆ కోడూ ఆ చర్చా బహిరంగంగా ఉన్నందువల్లనే. మూలన పడ్డ బోర్డులోని డ్రైవర్‌ను విమర్శించడానికి కూడా మనకు దారి లేదు.

కాబట్టి కళాశాలకు బోర్డులు కొనేటప్పుడు మీ అధ్యాపకులతో కలిసి మూడు ప్రశ్నలు వేయండి. ఇందులోని వీడియో డ్రైవర్ మెయిన్‌లైన్‌లో ఉందా? ఉంటే ఏ విడుదల నుంచి, ఏయే పద్ధతులకు? ఫర్మ్‌వేర్‌ను అందరికీ పంచుకునే అనుమతి ఉందా? ఒక విద్యార్థి అడిగితే దుకాణదారు నవ్వి ఊరుకోవచ్చు. వంద బోర్డులు కొనే కళాశాల అడిగితే జవాబు వెతుక్కుంటాడు.

ఫర్నేస్ కొనేవారు ఇటుకలు మార్చే వీలుందా లేదా అని ముందే చూసుకుంటారు. అరచేతిలో పట్టే బోర్డు విషయంలోనూ ఆ జాగ్రత్త అవసరమే.