విడిన పోగులు కలిసే వేగం

డీఎన్ఏ జంట పోగులను వేడితో విడదీయడం ఎవరికైనా చేతనవుతుంది. విడిపోయినవి ఎంత త్వరగా మళ్లీ జతకడుతున్నాయో కొలవడంలోనే అసలు పనితనం ఉంది. ఆ పనితనానికి మన దేశంలో హైదరాబాద్ సీసీఎంబీ (సెంటర్ ఫర్ సెల్యులార్ అండ్ మాలిక్యులార్ బయాలజీ) పెట్టింది పేరని ఎవరి ముందైనా అంటాను.

చరిత్ర పెద్దదేం కాదు. 1960లో హార్వర్డ్‌లో డోటీ, మార్మర్‌ల బృందం పోగులు తిరిగి కలుస్తాయని చూపింది. 1968లో శాస్త్రవేత్తలు బ్రిటెన్, కోహ్నే గాఢతను కాలంతో గుణించి ‘కాట్’ రేఖ గీశారు. ఆహా, అదీ గీతంటే! ఎలుక డీఎన్ఏలో సుమారు పదోవంతు చిటికెలో కలిసిపోయింది. ఒకే వరుస దాదాపు పది లక్షల సార్లు ఉంటే తప్ప అంత వేగం రాదు. డీఎన్ఏ అక్షరాలు చకచకా చదివే పద్ధతులు 1977లో గానీ రాలేదు. వీళ్లు గడియారంతోనే తేల్చేశారు!

విడిపోవడాన్నీ ఇలాగే గీతగా చూడొచ్చు. డీఎన్ఏ ద్రావణంలోకి 260 నానోమీటర్ల కాంతి పంపి వేడి పెంచుతూ పోతే, ఎంత కాంతి పీల్చుకుందో చూపే గీత (కరుగు రేఖ) కాసేపు నింపాదిగా సాగి ఒక్కసారిగా లేస్తుంది. పోగులు పూర్తిగా విడిపోయేసరికి కాంతిని పీల్చుకోవడం దాదాపు 40 శాతం పెరుగుతుంది. సగం విడిన చోటు కరుగు ఉష్ణోగ్రత. దానికి పాతిక డిగ్రీలు దిగువన నిలిపితే జతలు అన్నిటికన్నా వేగంగా కుదురుతాయి. మరీ చల్లారిస్తే తప్పుడు జతలు పడి అక్కడే చిక్కుకుంటాయి. పోగులు రెంటిదీ రుణావేశమే కాబట్టి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఉప్పు వేస్తే ఆ నెట్టుడు తగ్గి త్వరగా కలుస్తాయి.

జతలు కుదిర్చే ఈ కిటుకు చేతికి పట్టినవాడు శాస్త్రవేత్త లాల్జీ సింగ్. కట్లపాము డీఎన్ఏ నుంచి తీసిన ‘బీకేఎం’ ప్రోబ్‌తో (తనకు జతపడే వరుసను పట్టుకునే డీఎన్ఏ ముక్కతో) 1988లో సీసీఎంబీలో డీఎన్ఏ వేలిముద్ర పద్ధతి నిలబెట్టారు. 1991లో రాజీవ్ గాంధీ హత్య కేసులో మృతుల గుర్తింపునకు అదే అక్కరకొచ్చింది. నమూనా డీఎన్ఏ ఉన్న పొర మీద ప్రోబ్ అతుక్కున్నాక కడగడంలోనే ఉంది నేర్పంతా. కడిగే నీళ్లలో ఉప్పు ఎక్కువైతే అరకొర జతలూ ఊడిరావు. వేడి మించితే సరైన జతే ఊడిపోతుంది.

ఇప్పుడో? డీఎన్ఏ పరీక్ష కిట్ పెట్టె మీది ఉష్ణోగ్రత అంకె యంత్రంలో నొక్కేయడం, వచ్చిందే ఫలితమనడం. కరుగు రేఖ వాలును గీస్తే రెండు శిఖరాలు కళ్లెదుట కనిపిస్తున్నా ‘పాజిటివ్’ అని రాసిచ్చేవాళ్లను ఏమనాలి? ఇది పని కాదు, పనికి పట్టిన చీడ. తిరువూరు దగ్గర వినగడపలో మిర్చి, పత్తి వేసే రైతుకు విత్తనం అసలుదో నకిలీదో తేల్చే డీఎన్ఏ పరీక్ష కూడా పోగులు సరిగ్గా జతకట్టడం మీదే నడుస్తుంది. అక్కడ అజాగ్రత్త చేస్తే మునిగేది రైతే.

తిరువూరు ప్రాంతపు సైన్సు లెక్చరర్లకు ఒక్క మనవి. కొంచెం దూడ థైమస్ డీఎన్ఏ, ఒక యూవీ స్పెక్ట్రోఫోటోమీటర్, వేడినీళ్ల తొట్టి, గ్రాఫు కాగితం చాలు. కిట్ చేతికివ్వకముందే ప్రతి విద్యార్థి చేతా ఒక్క కరుగు రేఖ గీయించండి.