పూసల్లో దిగివచ్చే దేవతలు

వూడూ అనగానే మనవాళ్లకు చేతబడి, బొమ్మకు గుచ్చిన సూదులు గుర్తొస్తాయి. హైతీవాళ్లు వోడూ అనే ఆ మతంలో కళ తెలిసినవాళ్లు మొక్కే సూది వేరే ఉంది. అది జెండాలు కుట్టే సూది.

తళుకులు, పూసలతో ధగధగలాడే ఆ జెండాను అక్కడివాళ్లు ‘ద్రాపో’ అంటారు. పూజవేళ జెండాలు జంటగా బయటికి వస్తాయి. ముందు కత్తి పట్టినవాడు నడుస్తాడు, డోళ్లు మోగుతాయి, గుడి నడిమి స్తంభానికి వందనం జరుగుతుంది. ఆ మెరుపుకి ‘ల్వా’లు, అంటే వాళ్ల దేవతలు, దిగివస్తారని నమ్మకం.

ఆఫ్రికా నుంచి హైతీకి బానిసలుగా తెచ్చిన జనం తమ దేవుళ్లను క్యాథలిక్ సెయింట్ల చాటున దాచుకున్నారు. పాములతో కనిపించే సెయింట్ పాట్రిక్ వెనక సర్పదేవత దంబాలా, గుర్రమెక్కిన సెయింట్ జేమ్స్ వెనక యోధుడు ఓగూ. 1804లో స్వాతంత్ర్యం వచ్చాక కూడా వేధింపులు తప్పలేదు. 1941-42లో చర్చి మూఢనమ్మకాల పేరిట వోడూ పూజా వస్తువులను తగలబెట్టించింది. ప్రభుత్వం వోడూను మతంగా గుర్తించడానికి 2003 దాకా పట్టింది.

ఇక పనితనం చూడండి! చట్రానికి బట్ట బిగించి పెన్సిల్‌తో దేవత రూపాన్నో, ఆ దేవత గుర్తు ‘వేవే’నో గీస్తారు. గుడి నేలమీద మొక్కజొన్న పిండితో వేసే ముగ్గే వేవే. ప్రేమదేవత ఎజిలికి హృదయం, సముద్రదేవుడు ఆగ్వేకి పడవ. సూది కిందినుంచి పైకొచ్చి తళుకులో దూరి, చిన్న పూసను ఎక్కించుకుని, మళ్లీ ఆ తళుకు రంధ్రంలోంచే దిగుతుంది. తళుకుకి పూసే తాళం. ఇలా వేలకొద్దీ కుట్లు! చేప పొలుసుల్లా తళుకులు ఒరుసుకుని కూర్చుంటే కింద బట్ట ఉందన్న సంగతే మరిచిపోతాం.

ఉద్దండులకు కొదవలేదు. క్లోతేర్ బాజిల్ స్వయంగా వోడూ పూజారి. ఎద్గార్ జాఁ లూయీ శవపేటికలు చేసిన చేతులతోనే జెండాలూ కుట్టాడు. చిన్న వయసులోనే కన్నుమూసిన ఆంత్వాన్ ఒలేయాన్ పాత నమూనాల సంకెళ్లు తెంచి, తళుకులతో తన కలలే కుట్టాడు.

నా ఓటు మాత్రం మిర్లాండ్ కాన్‌స్టాంట్‌కే. 1968లో పోర్టో ప్రిన్స్‌లో పుట్టిన ఆమె, పెళ్లి గౌన్ల ఫ్యాక్టరీలో తల్లితోపాటు పనిచేస్తూ పూసల కుట్టు నేర్చారు. జీతం దగ్గర పేచీ వచ్చి బయటికొచ్చేశారు. మగవాళ్లదే రాజ్యమైన ద్రాపోలోకి ఆ ఫ్యాక్టరీ కుట్టును తెచ్చారు. కొక్కెం సూదితో వేసే ఆ టాంబూర్ కుట్టు మన మగ్గం వర్క్‌కి తోబుట్టువే. మన దేశం నుంచే యూరప్ చేరిందని అంటారు. ఆమె బట్టను బోర్లించి కుడతారు. పూసలు అడుగువైపు ఉంటాయి, కంటికి కనబడవు. వేళ్లే కళ్లు! అలా కుట్టిన నిలువెత్తు జెండాల్లో నీటి కదలిక, ఒంటి నునుపు, నీడ అన్నీ పలుకుతాయి. 2022లో వెనిస్ బియెన్నాలే కళా ప్రదర్శన ఆ జెండాలకు చోటిచ్చింది. 2023లో లాస్ ఏంజెలెస్ ఫౌలర్ మ్యూజియం ఆమె ఒక్కరికే ప్రదర్శన పెట్టింది.

గుడి గడప దాటితే అది ద్రాపో కాదని కొందరు వాదిస్తారు. నేను ఒప్పుకోను. కుట్టే మనిషిలో భక్తి ఉంటే గోడమీదైనా దేవత పలుకుతుంది. నా కోపమంతా నకళ్ల మీద. ఎక్కడో ఒక తళుకు, మధ్యలో బోసి బట్ట, కుట్టడానికి బద్ధకించి పూసిన జిగురు! పర్యాటకుడి చేతిలో అది పెట్టి ద్రాపో అంటే, కళ్లు పోగొట్టుకుని కుట్టినవాళ్ల నోట్లో మట్టి కొట్టినట్టే. మరోపక్క జెండాల పనికి పుట్టిల్లులాంటి పోర్టో ప్రిన్స్‌లోని బెల్ ఎయిర్ పేట సాయుధ ముఠాల చేతుల్లో నలుగుతోంది. చట్రం ముందు కూర్చోవాల్సినవాళ్లు ప్రాణాలు అరచేత పెట్టుకుని పరుగెడుతుంటే పిల్లలకు సూది పట్టడం ఎవరు నేర్పాలి?

ఎప్పుడైనా ద్రాపో కొనే అవకాశం వస్తే, మగ్గం వర్క్ జాకెట్టు కొనేటప్పుడు చూసినట్టే గోరు ఆనించి చూడండి. పూస కదలకపోతే అంచున పూసలతోనే కుట్టిన సంతకం కోసం వెతకండి. దొరికితే ఆ పేరు పైకి చదవండి. బేరమాడకుండా అడిగిన ధర ఇవ్వండి.