ట్రాన్‌సెండెంటల్ బ్లూస్ : అంగిరసవిచారము

ప్రబంధమునందు రసము లనేకములు పొడకట్టినను, వానిలో నొకదానిని అంగిగా నిలిపి తక్కినవానిని దానికి లోబఱుపవలెనని ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకమున సిద్ధాంతీకరించెను. ఈ నియమము కావ్యనాటకములకు చెప్పబడినది. ఒక వాగ్గేయకారుడు పెక్కు గీతములను వరుసగూర్చి సంపుటిగా వెలువరించినప్పుడు దానికిని ఇట్టి యేకవాక్యత యుండవలెనా, లేక దానిని విడిపాటల కూడలిగానే గ్రహింపవలెనా యనునది విచార్యము. అమెరికా గాయకుడు స్టీవ్ ఎర్ల్ 2000 సంవత్సరమున ప్రకటించిన "ట్రాన్‌సెండెంటల్ బ్లూస్" ఈ విచారమునకు తగిన లక్ష్యము.

ఎర్ల్ 1955లో జన్మించి, టెక్సాస్ రాష్ట్రమున పెరిగి, ఇరువదియేండ్లు నిండకమున్నే కంట్రీ సంగీతమునకు రాజధాని యనదగిన నాష్‌విల్ నగరము చేరెను. టౌన్స్ వాన్ జాంట్ ఇతనికి గురుస్థానీయుడు. 1986 నాటి "గిటార్ టౌన్" ఇతనికి కీర్తి దెచ్చెను. పిమ్మట మాదకద్రవ్యవ్యసనమున చిక్కి, 1994లో కారాగారవాసమును సైత మనుభవించి, మరుసటి యేట మరల గీతరచనకు పూనుకొనెను. కావున ప్రస్తుతకృతి తొలియౌవనపు పొంగు కాదు, చేయితిరిగినవాని పరిణతఫలము.

ఇందు పదునైదు గీతములు గలవు. కంట్రీ యనునది అమెరికా దక్షిణరాష్ట్రముల పల్లెజనుల పాట. రాక్ అనునది విద్యుచ్ఛక్తితో మ్రోగు గిటారును డ్రమ్ములును ప్రధానముగా గలది. ఈ రెంటి కూడికయే సంపుటికి పునాది. అయినను కవి అంతటితో నాగలేదు. మొదటిపాటలో 1960ల నాటి ఆంగ్లదేశపు రాక్ బృందముల పోకడ వినబడును. "గాల్వే గర్ల్" ఐర్లండు జానపదబాణిలో షారన్ షానన్ అను అకార్డియన్ విద్వాంసురాలితో గూడి పాడబడినది. "అంటిల్ ది డే ఐ డై" బాంజో, ఫిడేలు మొదలగువానితో సాగు బ్లూగ్రాస్ పాట. "వెన్ ఐ ఫాల్" సోదరి స్టేసీతో కలిసి పాడిన యుగళగీతము.

ఇట్టి వైవిధ్యము గుణమా, దోషమా? ఒక బాణి చెవిలో కుదురుకొనకమున్నే మఱియొకటి వచ్చి దానిని చెఱచును గనుక రసభంగ మగునని పూర్వపక్షము చేయవచ్చును. ఇది త్రోసివేయదగినది కాదు. "ఐ కెన్ వెయిట్" వంటి ప్రేమగీతములు విడిగా వినుట కింపైనవేకాని, సంపుటికి అంగములుగా నంతగా తోడ్పడవు.

అయినను పేరునందే సమాధానము గలదు. ట్రాన్‌సెండెన్స్ అను పదమునకు అతీతస్థితి యని లోకమున వాడుక. ఎర్ల్ తన పీఠికలో దానిని ఒకదానిగుండ దాటిపోవుటగా వ్యాఖ్యానించెను. అనగా నొప్పిని తప్పించుకొని పైకెగయుట కాక, నొప్పి నడుమనుండియే నడచుట. ఈ యర్థమున జూచినచో పాటలలో పెక్కింటికి దాటుటయే వస్తువు. ఒకపాటలో నాయకుడు వేఱొక యూరికి బయలుదేరును. ఇంకొకదానిలో ఇదియే కడపటి తిరుగుడని యొట్టువెట్టుకొనును. గాల్వే బాలికను ప్రేమించినవాడు పగిలిన గుండెతో తిరుగుప్రయాణ మగును. బాణులు మాఱుటయు నొక యూరినుండి యొక యూరికి సాగు ప్రయాణమే యని తోచును.

చివరి మూడు గీతముల వరుస మిక్కిలి పరిశీలింపదగినది. "అంటిల్ ది డే ఐ డై" (చచ్చుదినమువఱకు), "ఆల్ ఆఫ్ మై లైఫ్" (బ్రతుకంతయు), "ఓవర్ యాండర్" (ఆవలిదరి) అని పేళ్లే మెట్లవలె నిలిచినవి. కడపటి గీతము మరణదండనకు పోవుచున్న ఖైదీ పలుకు. టెక్సాసున జోనాథన్ నోబుల్స్ అనువానికి 1998లో ఆ శిక్ష యమలుజరిగెను. వానితో నుత్తరప్రత్యుత్తరములు నడపిన ఎర్ల్, వాని కోరికపై ఆ మరణమును కన్నులార జూచెను. పాటలో ఖైదీ యాక్రోశింపడు. తన రేడియోను, విసనకఱ్ఱయంత్రమును తోడిఖైదీలకు పంచి, బైబిలును తల్లికి పంపుమని యప్పగింతలు పెట్టును. కరుణమును పండించినది విలాపము కాదు, ఈ యల్పవస్తువుల పంపకమే.

దీనికి ముందు బిగ్గఱగా మ్రోగు ప్రేమగీత ముండుట యనౌచిత్యముగా తోపవచ్చును. కాని స్త్రీపర్వమున భూరిశ్రవుని తెగినచేతిని జూచి యతని భార్య పూర్వశృంగారమును తలచుకొనుటచే శోకము ద్విగుణమైనట్లు ధ్వన్యాలోకమే యుదాహరించినది. అచట వలెనే యిచటను శృంగారము కరుణమునకు అంగ మగుచున్నది. బ్రతుకంతయు ప్రేమింతునను మాటవెంటనే బ్రతుకు ముగిసినవాని మాట వినబడుటచే దాని బరువు హెచ్చినది.

ఎర్ల్ ఈ వస్తువును చేపట్టుట ఇది మొదటిసారి కాదు. 1990 నాటి "బిల్లీ ఆస్టిన్"లో హంతకుడు తన నేరమును తానే చెప్పుకొనును. "డెడ్ మ్యాన్ వాకింగ్" చలనచిత్రమునకై వ్రాసిన "ఎలిస్ యూనిట్ వన్"లో చెరసాల కావలివాడు మాటలాడును. ఆ రెంటిలో వాద మెక్కువ; ఇందు వాదము మాటుపడి వ్యక్తి మాత్రమే మిగిలినాడు. పరిణతి యన నిదియే.

ఒక్క వెలితిని చెప్పక తప్పదు. నోబుల్స్ 1986లో ఇద్దఱు స్త్రీలను చంపినవాడు. వారి మాట పాటలో లేదు. తన్ను ద్వేషించువారికి తన మరణముచే శాంతి కలుగుగాక యని ఖైదీ కోరును. కాని వారి శోకము ద్వేష మను నొక్కపదమున నణగిపోయినది. వక్త ఖైదీయే గనుక పాత్రౌచిత్యము చెడలేదనవచ్చును. అయినను కరుణము న్యాయముగా పండుటకు ఆ మృతుల నీడ యొకింత సోకవలసియుండెను. ఈ లోపమును గుర్తించియు, కరుణమే యంగిగా బహుబాణులను నడపిన యీ సంపుటి విడిపాటల కూడలి కాదనియు, ప్రబంధధర్మము గలదనియు నిర్ణయింపవచ్చును.