మూడు చీటీలకు ఒకటే మూసపోత

వెల్దుర్తిలో మావాడొకడు ఎరువుల కొట్టుకు జాంగో అనే పైథాన్ ఫ్రేమ్‌వర్క్‌లో లెక్కల ప్రోగ్రాం రాశాడు. బిల్లు, జమ రసీదు, అప్పు చీటీ. మూడింటిలోనూ నంబరు, తేదీ, రైతు పేరు, జిల్లా ఉంటాయి కదా! వాటిని మూడుచోట్ల రాయలేదు. ‘పత్రం’ అనే మోడల్లో ఒక్కసారి రాసి, దాని మెటాలో ‘అబ్‌స్ట్రాక్ట్ = ట్రూ’ అన్నాడు. డేటాబేస్‌లో ‘పత్రం’ పేరుతో పట్టికే పుట్టదు. దాని గళ్లు మాత్రం మూడు పిల్ల పట్టికలకూ వచ్చేస్తాయి. తనకంటూ సెంటు భూమి లేకుండా పోలికలు మాత్రం పంచే తండ్రన్నమాట.

“తండ్రికీ పట్టిక ఉంటే పోలా?” అన్నాను.

“అదీ కుదురుతుంది బాబాయ్. కాకపోతే ఒక్క బిల్లు తీయాలన్నా రెండు పట్టికలూ జాయిన్ చేయాలి. సీజన్లో కొట్టు ముందు రైతులు నిలబడి ఉంటారు, ఎందుకా బరువు?”

జాంగోకు ఈ వారసత్వం 2008లో, 1.0 నాటికి కుదురుకుంది. మావాడి కోడ్‌లో దాని విలువ నాకు తెలిసింది 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడి, వెల్దుర్తి అందులోకి వెళ్లాక. ‘పత్రం’లో జిల్లా గడికి డిఫాల్ట్‌గా పెట్టిన ‘గుంటూరు’ను ‘పల్నాడు’ చేశాడు. ఒక్కటే వరస. కొత్త చీటీలు మూడూ మారాయి. పాత బిల్లుల్లో గుంటూరు అలాగే ఉంది. వాటిని కావాలనే ముట్టుకోలేదు.